థైరాయిడ్‌లో గడ్డ కనిపించింది: ముందు ఏం చూడాలి, తర్వాత ఏం చూడాలి

థైరాయిడ్‌లో గడ్డ ఉన్న సంగతి ఈ రోజుల్లో చాలామందికి వేరే పని మీద వెళ్లినప్పుడు బయటపడుతోంది. కళ్లు తిరుగుతున్నాయని మెడ రక్తనాళాలకు డాప్లర్ తీయిస్తారు. దగ్గు తగ్గడం లేదని ఛాతీకి సీటీ తీయిస్తారు. అమెరికాలో ఉన్న పిల్లలు డబ్బు కట్టి అమ్మానాన్నలకు మాస్టర్ హెల్త్ చెకప్ చేయిస్తారు. ఏ సమస్య కోసం వెళ్లారో దాని గురించి రిపోర్టులో పెద్దగా ఏమీ ఉండదు. చివరి లైనులో మాత్రం 'థైరాయిడ్ కుడి లోబ్‌లో నాడ్యూల్' అని, అంటే మెడలోని ఆ గ్రంథి కుడి భాగంలో గడ్డ అని ఉంటుంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. తెల్లారేసరికి బంధువుల్లో ఒకరు 'ఆపరేషన్ చేయించేసుకో, పీడ పోతుంది' అంటారు. ఇంకొకరు 'దాన్ని కదిలించకు, కదిలిస్తే పాకుతుంది' అంటారు.

ఆ రెండు సలహాల్లో ఏదీ ఇంకా వినాల్సిన సమయం కాదది. ముందు తెలుసుకోవాల్సింది ఇవి ఎంత మామూలుగా ఉంటాయో. మెడను చేత్తో తడిమి చూస్తే పెద్దవాళ్లలో నూటికి 4 నుంచి 7 మందికి థైరాయిడ్ గడ్డ తగులుతుంది. అదే అల్ట్రాసౌండ్ పెట్టి వెతికితే వేర్వేరు అధ్యయనాల్లో నూటికి 19 నుంచి 68 మందికి కనిపించాయి. ఆడవాళ్లలో ఎక్కువ, వయసు పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ. వీటిలో క్యాన్సర్ అని తేలేవి నూటికి 7 నుంచి 15 వరకు ఉంటాయని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015 మార్గదర్శకాల్లో రాసింది. అంటే అత్యధిక భాగం ఏ ప్రమాదమూ లేనివి. ఆ కొద్ది వాటిని మిగతావాటి నుంచి ఎలా వేరు చేస్తారు, ఆ క్రమంలో అనవసరంగా కోయకుండా ఎలా ఉంటారు అన్నదే అసలు విషయం.

ఇక్కడ మొదట్లోనే ఒక చిక్కు విడదీయాలి. 'రక్తపరీక్షలో థైరాయిడ్ నార్మల్ వచ్చింది కదా, మరి గడ్డ ఎందుకుంది?' అని చాలామంది అడుగుతారు. గ్రంథి ఎంత హార్మోను తయారు చేస్తోంది అన్నది ఒక విషయం. గ్రంథి ఆకారంలో ఏం మార్పు వచ్చింది అన్నది మరో విషయం. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పని చేయించడానికి మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోను) నార్మల్‌గా ఉండి మూడు సెంటీమీటర్ల గడ్డ ఉండొచ్చు. ఏళ్ల తరబడి థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నవాళ్లకు ఒక్క గడ్డా లేకపోవచ్చు. థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లలోనూ ఎక్కువమందికి టీఎస్‌హెచ్ నార్మల్‌గానే ఉంటుంది. కాబట్టి రక్తపరీక్ష బాగుందని గడ్డను వదిలేయకూడదు, గడ్డ ఉందని థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టనూ కూడదు.

గడ్డలన్నీ ఒక జాతివి కావు

గొంతుముడి కింద, శ్వాసనాళానికి ముందు, రెండు లోబ్‌లుగా 15 నుంచి 20 గ్రాముల బరువుండే గ్రంథి ఇది. మింగినప్పుడు పైకీ కిందికీ కదులుతుంది. అందుకే డాక్టర్ మీ చేతికి నీళ్ల గ్లాసు ఇచ్చి గుటక వేయమంటారు. గుటకతో పాటు కదిలే గడ్డ దాదాపుగా థైరాయిడ్‌దే. దీనిలో చిన్న చిన్న సంచుల్లాంటి కణజాలం ఉంటుంది, వాటిలో కొల్లాయిడ్ అనే చిక్కటి ద్రవం ఉంటుంది. ఆ సంచుల్లో కొన్ని పెరిగి ముద్దకడితే కొల్లాయిడ్ నాడ్యూల్ అంటారు. మనకు కనిపించే గడ్డల్లో ఎక్కువ భాగం ఇవే. కొన్నింటిలో నీరు నిండి తిత్తిలా అవుతుంది. కొన్ని ఫోలిక్యులర్ అడినోమాలు, అంటే చుట్టూ పొర ఉండే ప్రమాదం లేని కణితులు. హషిమోటో అనే రోగనిరోధక సమస్యలో గ్రంథి అంతా ఎగుడుదిగుడుగా మారి, నిజంగా గడ్డ లేకపోయినా స్కానింగ్‌లో గడ్డలా కనబడే చోట్లు ఏర్పడతాయి.

ఉన్నట్టుండి ఒక పూటలో మెడ ఉబ్బి, నొప్పి పెట్టి, జనం హడలిపోయే సందర్భం ఒకటుంది. ముందునుంచీ ఉన్న గడ్డలోకి రక్తం చిమ్మడమే సాధారణంగా దీనికి కారణం. సూదితో తీస్తే చాక్లెట్ రంగు ద్రవం వస్తుంది. చాలావరకు కొన్ని వారాల్లో అదే తగ్గుతుంది. గంటల్లో ఉబ్బిందంటే క్యాన్సరే అనుకుంటారు గానీ, క్యాన్సర్ అంత వేగంగా పెరగదు. ఊపిరి ఇబ్బందిగా ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

గడ్డలకు పాత కాలపు పెద్ద కారణం అయోడిన్ లోపం. ఈ కథలో మన శ్రీకాకుళం బిడ్డ ఒకరున్నారు. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956లో సహచరులతో కలిసి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో ఒక పెద్ద ప్రయోగం మొదలుపెట్టారు. గళగండం ఇంటింటా ఉన్న లోయ అది. దాన్ని మూడు భాగాలు చేసి, రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక భాగానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. కొన్నేళ్లకు అయోడిన్ ఉప్పు తిన్న ఊళ్లలో బడిపిల్లల మెడ వాపులు బాగా తగ్గాయి. 1962లో మొదలైన జాతీయ గళగండ నియంత్రణ కార్యక్రమానికి ఆ పని బలమైన ఆధారమైంది. ఇవాళ ప్యాకెట్ ఉప్పులో వినియోగదారుడికి చేరేసరికి కనీసం 15 పీపీఎం (పది లక్షల వంతుల్లో 15) అయోడిన్ ఉండాలన్నది నిబంధన. మన ఇళ్లలో పచ్చళ్లకు వాడే రాళ్ల ఉప్పులోనూ, ఆరోగ్యానికి మంచిదని ఈ మధ్య కొంటున్న సైంధవ లవణంలోనూ చాలాసార్లు అయోడిన్ కలపరు. రోజువారీ కూరకూ అదే వాడుతుంటే ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని ఉందో లేదో చూడండి. అలాగని గడ్డ కనిపించాక అయోడిన్ మాత్రలు, సముద్రపు నాచు పొడులు మింగడం మంచిది కాదు. ఎక్కువ గడ్డలున్న గ్రంథికి ఒక్కసారిగా అయోడిన్ పోస్తే హార్మోను శ్రుతిమించి గుండెదడ మొదలవ్వచ్చు.

మొదటి మెట్టు టీఎస్‌హెచ్

గడ్డ కనిపించిన ప్రతివారికీ చేయాల్సిన మొదటి పనులు రెండే. ఒకటి టీఎస్‌హెచ్ రక్తపరీక్ష, రెండోది థైరాయిడ్‌కూ మెడలోని లింఫ్ గ్రంథులకూ పూర్తి అల్ట్రాసౌండ్. వేరే పని మీద తీసిన సీటీలోనో డాప్లర్‌లోనో కనిపించిన గడ్డ గురించి ఆ సీటీ చూసి ఎవరూ తీర్పు చెప్పలేరు. థైరాయిడ్ కోసమే విడిగా అల్ట్రాసౌండ్ తీయాలి.

టీఎస్‌హెచ్ తక్కువగా ఉంటే కథ ఒక మలుపు తిరుగుతుంది. థైరాయిడ్ హార్మోను ఎక్కువైతే టీఎస్‌హెచ్ తగ్గుతుంది, అంటే ఎక్కడో హార్మోను ఎక్కువ తయారవుతోంది. అది ఆ గడ్డే చేస్తోందా అని తెలుసుకోవడానికి న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థంతోనో రేడియో అయోడిన్‌తోనో స్కాన్ చేస్తారు. గడ్డ ఉన్న చోట మందు బాగా చేరి వెలిగితే దాన్ని 'హాట్' నాడ్యూల్ అంటారు. హాట్ నాడ్యూల్ క్యాన్సర్ కావడం చాలా అరుదు. అందుకని మామూలుగా సూది పరీక్ష (గడ్డలోంచి సూదితో కణాలు తీసి చూసేది) కూడా అక్కర్లేదు. హార్మోను తగ్గించే వైద్యం చూస్తే చాలు. టీఎస్‌హెచ్ నార్మల్‌గానో ఎక్కువగానో ఉంటే ఈ స్కాన్‌తో పెద్దగా ఉపయోగం ఉండదు. అప్పుడు చేయిస్తే చాలావరకు 'కోల్డ్ నాడ్యూల్' అని వస్తుంది, ఆ మాట చూసి ఇంటిల్లిపాదీ భయపడతారు. ప్రమాదం లేని గడ్డల్లో కూడా అధికశాతం కోల్డే. గర్భిణులకు ఈ స్కాన్ చేయకూడదు. అల్ట్రాసౌండ్, సూది పరీక్ష మాత్రం గర్భంతో ఉన్నప్పుడూ భయం లేకుండా చేయించుకోవచ్చు.

జుట్టు రాలకుండా బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు ఒక జాగ్రత్త పాటించాలి. ఎక్కువ మోతాదులో బయోటిన్ ఉంటే కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఆ తప్పుడు అంకెను నమ్మి హాట్ నాడ్యూల్ కోసం వెతకడం మొదలవుతుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు నుంచి అది ఆపి, ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి.

రిపోర్టులో ఒక్కో మాటకూ మార్కులుంటాయి

అల్ట్రాసౌండ్ రిపోర్టు చేతికి రాగానే అందరి కళ్లూ సైజు మీదికే పోతాయి. గడ్డ ఎంత ఉందన్నదొక్కటే చూస్తే లాభం లేదు. నాలుగు సెంటీమీటర్ల తిత్తి ఏ హానీ చేయకపోవచ్చు, ఒక సెంటీమీటరు గట్టి గడ్డకు సూది వేయాల్సి రావచ్చు. అది ఎలా కనిపిస్తోంది అన్న దాన్ని మార్కుల్లోకి మార్చే పద్ధతినే టైరాడ్స్ అంటారు. ఎక్కువగా వాడుకలో ఉన్నది అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2017లో ఇచ్చినది.

ఒక రిపోర్టు తీసుకుని చూద్దాం. 'కుడి లోబ్‌లో 18 × 14 × 12 మి.మీ. సాలిడ్, ఐసోఎకోయిక్ నాడ్యూల్, మార్జిన్లు నునుపుగా ఉన్నాయి, కాల్సిఫికేషన్ లేదు' అని రాశారనుకోండి. సాలిడ్ అంటే లోపల నీరు లేకుండా కండతో నిండినది, దానికి 2 మార్కులు. పూర్తిగా నీటితో ఉంటే సున్నా, స్పాంజిలా చిన్న చిన్న గదులుంటే అప్పుడూ సున్నాయే, సగం సగం ఉంటే 1. ఐసోఎకోయిక్ అంటే స్క్రీన్ మీద చుట్టూ ఉన్న థైరాయిడ్ రంగులోనే కనిపించడం, దానికి 1. అంచులు నునుపుగా ఉన్నాయి కాబట్టి సున్నా. మెడ ముందు నుంచి వెనక్కి కొలిచిన లోతు 12, అడ్డంగా కొలిచిన వెడల్పు 14. లోతు తక్కువే గనక ఆకారానికీ సున్నా. సున్నపు చుక్కలు లేవు, మళ్లీ సున్నా. మొత్తం 3 మార్కులు, అంటే టీఆర్ 3 (టైరాడ్స్ మూడో తరగతి). ఈ తరగతికి గడ్డ 25 మి.మీ. చేరితేనే సూది పరీక్ష అంటుంది ఈ పద్ధతి. 15 దాటింది కాబట్టి ఏడాదికి, మూడేళ్లకు, ఐదేళ్లకు స్కాన్ తీసి చూస్తే సరిపోతుంది.

ఇప్పుడు అదే రిపోర్టులో ఒక్క మాట మార్చండి. ఐసోఎకోయిక్ బదులు హైపోఎకోయిక్, అంటే చుట్టూ ఉన్న గ్రంథి కన్నా నల్లగా ఉంది. దానికి 2 మార్కులు, మొత్తం 4, టీఆర్ 4 అయింది. టీఆర్ 4కు 15 మి.మీ. దాటితే సూది పరీక్ష చేయాలి, మన గడ్డ 18 ఉంది. ఇంకో మాట చేర్చండి: లోపల పొడిలా తెల్లటి సన్నని చుక్కలు, రిపోర్టులో 'పంక్టేట్ ఎకోజెనిక్ ఫోకై' అని రాస్తారు. వాటికి ఏకంగా 3 మార్కులు. మొత్తం 7, టీఆర్ 5. దీనికి 10 మి.మీ. చాలు సూది వేయడానికి. లోతు వెడల్పు కన్నా ఎక్కువైతే మరో 3, అంచులు గరుకుగా ఉంటే 2, గడ్డ గ్రంథి దాటి బయటికి వెళ్తే 3.

ఈ పద్ధతిని పరీక్షించిన ఒక పెద్ద అధ్యయనంలో టీఆర్ 1 గడ్డల్లో 0.3 శాతం, టీఆర్ 2లో 1.5, టీఆర్ 3లో 4.8, టీఆర్ 4లో 9.1, టీఆర్ 5లో 35 శాతం క్యాన్సర్లుగా తేలాయి. అందరూ భయపడే టీఆర్ 5లో కూడా మూడింట రెండు వంతులు క్యాన్సర్ కాదు. ఈ అంకెలను ప్రతి రిపోర్టు పక్కనే ముద్రిస్తే ఎంత బాగుంటుందో అని నాకు అనిపిస్తుంది. 'టైరాడ్స్ 4' అని మాత్రమే రాసి ఇంటికి పంపితే ఆ మనిషి నాలుగో స్టేజి క్యాన్సర్ అనుకుని కుంగిపోతాడు. టైరాడ్స్ అంకెకూ క్యాన్సర్ స్టేజికీ ఏ సంబంధమూ లేదు.

యూరప్‌కూ, కొరియాకూ వేరే టైరాడ్స్ ఉన్నాయి. వాటి అంకెలూ, సూది పరీక్షకు పెట్టుకున్న హద్దులూ కొంచెం వేరు. రెండు సెంటర్లలో తీసిన రిపోర్టులు పోలడం లేదని కంగారు పడేముందు, ఎవరు ఏ పద్ధతి వాడారో అడగాలి. మరో సంగతి, మెడ పక్కన లింఫ్ గ్రంథులు అనుమానంగా ఉంటే ఈ మార్కులతో పని లేదు. వాటికీ సూది వేసి చూడాలి.

సూది పరీక్ష ఏం చెబుతుంది, ఏం చెప్పలేదు

ఎఫ్ఎన్ఏసీ (సూది పరీక్ష పేరు ఇదే) అంటే భయపడేవాళ్లు దాన్ని చిన్న ఆపరేషన్ అనుకుంటారు. వాడే సూది మామూలుగా 25 గేజ్‌ది, రక్తం తీసే సూది కన్నా సన్నం. వెల్లకిలా పడుకోబెట్టి, భుజాల కింద దిండు పెట్టి మెడ వెనక్కి వంచుతారు. అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెట్టి స్క్రీన్ మీద చూస్తూ సూదిని గడ్డలోకి పంపి, కొన్ని సెకన్లు ముందుకూ వెనక్కీ ఆడించి బయటికి తీస్తారు. సూదిలోకి వచ్చిన చుక్కను గాజు పలక మీద చిమ్మి, మరో పలకతో పలచగా రుద్దుతారు. కొన్ని స్లైడ్లను గాలికి ఆరబెడతారు, కొన్నింటిని ఆల్కహాల్‌లో ముంచుతారు. ఇలా రెండు మూడు సార్లు చేస్తారు. సూది లోపలున్నప్పుడు గుటక వేయకూడదు, మాట్లాడకూడదు. పరగడుపున రానక్కర్లేదు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. సూది వేస్తే క్యాన్సర్ పాకుతుందన్న మాట మన దగ్గర ఇంటింటా వినిపిస్తుంది. థైరాయిడ్ విషయంలో అలా జరగడం అతి అరుదు. ఆ భయంతో పరీక్ష మానేసినవాళ్లకు జరిగే నష్టం చాలా పెద్దది.

స్లైడ్లు చూసిన పాథాలజిస్టు ఫలితాన్ని బెథెస్డా పద్ధతిలో ఆరు తరగతుల్లో ఒకదానిలో పెడతారు. అమెరికాలోని బెథెస్డాలో 2007లో జరిగిన సమావేశంలో ఇది రూపుదిద్దుకుంది. 2023లో సవరించిన మూడో కూర్పు వచ్చింది. ఆ సవరణ ప్రకారం, రెండో తరగతి అంటే ప్రమాదం లేనిది, ఇందులో క్యాన్సర్ అవకాశం సగటున 4 శాతం. ఆరో తరగతి అంటే క్యాన్సరే, 97 శాతం. ఐదు బలమైన అనుమానం, 74 శాతం. ఈ మూడింటి విషయంలో దారి దాదాపు స్పష్టమే. ఒకటో తరగతి అంటే చాలినన్ని కణాలు రాలేదని. కనీసం ఆరు గుంపులు, గుంపుకు పదేసి కణాలు కనబడాలన్నది వాళ్ల లెక్క. అలా వస్తే మళ్లీ సూది వేయించుకోవాలి. అది 'ఏమీ లేదు' అనే రిపోర్టు కాదు, చాలామంది అలా అనుకుని అక్కడితో వదిలేస్తారు.

కష్టమంతా మూడు, నాలుగు తరగతులతోనే. మూడో తరగతిలో కణాలు కొంచెం తేడాగా ఉన్నాయి గానీ ఏమిటో తేల్చలేని స్థితి, అవకాశం సగటున 22 శాతం. నాలుగో తరగతి ఫోలిక్యులర్ నియోప్లాజం (అంటే ఫోలిక్యులర్ కణితి), 30 శాతం. పాథాలజిస్టుకు చేతకాక ఇలా రాశారని అనుకోకండి. ఫోలిక్యులర్ అడినోమాలోనూ, ఫోలిక్యులర్ క్యాన్సర్‌లోనూ కణాలు అచ్చం ఒకేలా ఉంటాయి. తేడా కణాల్లో లేదు, గడ్డ తన చుట్టూ ఉన్న పొరను చీల్చుకుని బయటికి వచ్చిందా, రక్తనాళాల్లోకి దూరిందా అన్న దానిలో ఉంది. పండులో పుల్ల గుచ్చి కాస్త గుజ్జు తీసి చూస్తే తొక్కకు ఎక్కడైనా చిల్లు పడిందో లేదో తెలియదు కదా, ఇదీ అంతే. పొర మొత్తం మైక్రోస్కోప్ కింద చూడాలంటే గడ్డ ఉన్న సగం గ్రంథిని తీయక తప్పదు. అందుకే నాలుగో తరగతి వచ్చినవాళ్లకు సగం గ్రంథి తీసే ఆపరేషన్ చెబుతారు. అప్పటికది చికిత్స కన్నా పరీక్షే ఎక్కువ. అలా తీసినవాటిలో ఎక్కువ భాగం క్యాన్సర్ కాదని తేలుతుంది. మూడో తరగతికి సాధారణంగా కొన్ని నెలలాగి మళ్లీ సూది వేస్తారు. గడ్డలోని జన్యుమార్పులు చూసే పరీక్షలు కూడా వచ్చాయి గానీ, అవి ఖరీదైనవి, మన దగ్గర ఇంకా అంతగా వాడుకలో లేవు.

ఈ శాతాలన్నీ ఎక్కువగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల నుంచి వచ్చిన లెక్కలు. అనుమానం ఎక్కువున్న గడ్డలనే తీస్తారు కాబట్టి కింది తరగతుల్లో నిజమైన ప్రమాదం ఇంకా తక్కువే ఉంటుంది.

దొరికిన ప్రతి క్యాన్సర్‌నూ కోయాలా?

దక్షిణ కొరియాలో 1999లో జాతీయ క్యాన్సర్ స్క్రీనింగ్ మొదలైంది. థైరాయిడ్ ఆ జాబితాలో లేదు. కానీ వేరే పరీక్షలకు వచ్చినవాళ్లకు కొంచెం డబ్బు కడితే మెడ స్కానింగ్ కూడా చేసేవారు, లక్షల మంది చేయించుకున్నారు. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణ రేటు 1993తో పోలిస్తే 15 రెట్లయింది. ఆ ఒక్క ఏడాదే 40 వేల మందికి పైగా ఆ పేరు పడింది. దాదాపు అందరికీ చికిత్స జరిగింది, ఎక్కువమందికి గ్రంథి మొత్తం తీసేశారు. ఇన్ని క్యాన్సర్లు ముందుగా పట్టుకుంటే మరణాలు తగ్గాలి. అవి ముందెలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, తగ్గలేదు, పెరగనూ లేదు. ఆపరేషన్ అయినవాళ్లలో మాత్రం నూటికి 11 మందికి కాల్షియం గ్రంథులు (థైరాయిడ్ వెనక ఉండే పారాథైరాయిడ్లు) దెబ్బతిన్నాయి, ఇద్దరికి స్వరతంత్రి పడిపోయింది. 2014లో ఈ లెక్కలు బయటికి వచ్చాక అక్కడ స్కానింగులూ ఆపరేషన్లూ గణనీయంగా తగ్గాయి.

దీని వెనకున్న కారణం 1985లోనే ఫిన్‌లాండ్‌లో కనబడింది. వేరే కారణాలతో చనిపోయిన 101 మంది థైరాయిడ్‌లను సన్నగా కోసి చూస్తే మూడో వంతుకు పైగా వాటిలో చిన్న పాపిల్లరీ క్యాన్సర్లు ఉన్నాయి. బతికున్నన్నాళ్లూ ఆ మనుషులకు వాటివల్ల ఏ బాధా లేదు. థైరాయిడ్ క్యాన్సర్లలో నూటికి 80కి పైగా ఈ పాపిల్లరీ రకమే, చాలావరకు నిదానంగా కదిలేది.

జపాన్‌లోని కోబె నగరంలో కుమా హాస్పిటల్ అనే థైరాయిడ్ ఆసుపత్రి ఉంది. అక్కడి డాక్టర్ అకిరా మియావుచి ప్రతిపాదనతో 1993 నుంచి, సెంటీమీటరు లోపు పాపిల్లరీ క్యాన్సర్ అని తేలినవాళ్లలో ఒప్పుకున్నవాళ్లకు ఆపరేషన్ చేయకుండా క్రమం తప్పక స్కాన్లు తీస్తూ కనిపెట్టుకుని ఉన్నారు. 1,235 మంది మీద 2014లో వచ్చిన ఫలితాల్లో, పదేళ్లకు 8 శాతం మందికి గడ్డ 3 మి.మీ. లేదా అంతకన్నా ఎక్కువ పెరిగింది. 3.8 శాతం మందికి మెడ లింఫ్ గ్రంథుల్లోకి వెళ్లింది. అలాంటివాళ్లకు అప్పుడు ఆపరేషన్ చేశారు. థైరాయిడ్ క్యాన్సర్‌తో ఒక్కరూ చనిపోలేదు. అరవై దాటినవాళ్లలో పెరుగుదల అందరికన్నా తక్కువ. గడ్డ శ్వాసనాళానికో, స్వరతంత్రి నరానికో ఆనుకుని ఉంటే, లింఫ్ గ్రంథుల్లో ఇప్పటికే ఉంటే ఈ దారి పనికిరాదు. వదలకుండా స్కాన్లకు వచ్చే ఓపిక మనిషికీ ఉండాలి.

కాబట్టి ఏ లక్షణమూ లేనివాళ్లు ప్యాకేజీలో ఉంది కదా అని థైరాయిడ్ స్కానింగ్ చేయించుకోవడం మంచిదని నేననుకోను. అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ కూడా 2017లో అలాంటి స్క్రీనింగ్ వద్దనే చెప్పింది. పేర్లలో కూడా మార్పు మొదలైంది. పొర దాటని ఒక రకం కణితికి 2016లో క్యాన్సర్ అన్న మాట తీసేశారు. ఆ ఒక్క మార్పుతో ఎంతోమంది క్యాన్సర్ రోగి అన్న ముద్ర నుంచి, రేడియో అయోడిన్ చికిత్స నుంచి తప్పించుకున్నారు.

ఆలస్యం చేయకూడనివి

ఇదంతా చదివి అన్నింటినీ తేలిగ్గా తీసుకోవద్దని గట్టిగా చెప్పాలి. వారాల్లో పెరిగే గడ్డ, రాయిలా గట్టిగా చుట్టూ అతుక్కుపోయిన గడ్డ, తగ్గని బొంగురు గొంతు, మింగడం కష్టం కావడం, మెడ పక్కన కొత్తగా బిళ్లలు కట్టడం, ఇవి ఉంటే ఆ వారంలోనే చూపించాలి. పిల్లల్లో కనిపించే గడ్డలు పెద్దవాళ్ల కన్నా తక్కువ, కానీ అవి క్యాన్సర్ అయ్యే అవకాశం ఎక్కువ. చిన్నప్పుడు మెడకో ఛాతీకో రేడియేషన్ చికిత్స జరిగినవాళ్లు కూడా జాగ్రత్తగా ఉండాలి. 1986 చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత ఆ చుట్టుపక్కల పిల్లల్లో థైరాయిడ్ క్యాన్సర్లు పెరిగింది రేడియేషన్ వల్లే. మరేదో జబ్బుకు తీసిన పెట్ స్కాన్‌లో థైరాయిడ్‌లో ఒకచోట వెలుగు కనిపిస్తే, దాదాపు మూడింట ఒకటి క్యాన్సర్ అవుతుంది, తప్పక చూడాలి. మెడుల్లరీ అనే థైరాయిడ్ క్యాన్సర్ రకంలో నాలుగింట ఒక వంతు వంశపారంపర్యం. ఇంట్లో ఒకరికి ఆ పేరు వచ్చిందంటే రక్తసంబంధీకులందరూ జన్యుపరీక్ష గురించి అడగాలి, ఎందుకంటే పిల్లల్లో ముందే గుర్తిస్తే జబ్బు రాకుండానే ఆపవచ్చు. వృద్ధుల్లో అరుదుగా వచ్చే అనాప్లాస్టిక్ రకం మాత్రం రోజులు లెక్కపెట్టాల్సినంత వేగంగా పెరుగుతుంది.

ప్రమాదం లేదని తేలాక

సూది పరీక్షలో రెండో తరగతి వచ్చి, గడ్డ ఇబ్బంది పెట్టకపోతే మందేమీ అక్కర్లేదు. గడ్డ కరగడానికని థైరాక్సిన్ మాత్ర ఇవ్వడం ఒకప్పుడు చాలా చోట్ల ఉండేది. అయోడిన్ సరిపడా అందే ప్రాంతాల్లో దానివల్ల లాభం నామమాత్రం. గుండె లయ తప్పడం, ఎముకలు గుల్లబారడం లాంటి ప్రమాదాలు మాత్రం ఉన్నాయి. అందుకే ఇప్పుడు దాన్ని సిఫారసు చేయడం లేదు. గడ్డ పెద్దదై ఊపిరికో మింగడానికో అడ్డం వస్తే, చూడటానికి ఇబ్బందిగా ఉంటే దారులున్నాయి. నీటి తిత్తి అయితే నీరు తీసి ఆల్కహాల్ ఎక్కిస్తారు. గట్టి గడ్డ అయితే రేడియో ఫ్రీక్వెన్సీతో వేడిచేసి కుంచింపజేస్తారు, ఏడాదిలో చాలావరకు సగానికి పైగా తగ్గుతుంది. అది చేసేముందు గడ్డ ప్రమాదం లేనిదని సూది పరీక్షతో రూఢి చేసుకోవాలి. లేదంటే ఆపరేషన్.

ఆపరేషన్ అనుకున్నప్పుడు సర్జన్‌ను అడగాల్సిన ప్రశ్నలున్నాయి. సగం తీస్తే సరిపోతుందా, మొత్తం ఎందుకు? ఏడాదికి ఎన్ని థైరాయిడ్ ఆపరేషన్లు చేస్తారు? స్వరతంత్రుల పరీక్ష ముందే చేస్తారా? సగమే తీస్తే చాలామందికి జీవితాంతం మాత్ర అక్కర్లేకుండా గడుస్తుంది, కాల్షియం సమస్య కూడా దాదాపు ఉండదు. మొత్తం తీస్తే మాత్ర తప్పదు. గ్రంథి వెనక అంటుకుని ఉండే నాలుగు పారాథైరాయిడ్లకు రక్తం అందకపోతే కాల్షియం పడిపోతుంది. పెదాల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరి మొదలైతే వెంటనే చెప్పాలని ఇంటికి పంపేముందే రోగికి తెలిసుండాలి.

ఆపరేషన్ లేకుండా స్కాన్లతో కనిపెట్టుకుని ఉన్నవాళ్లు పాత రిపోర్టులు, ఫిల్ములు పారేయొద్దు. కొలత తీసే మనిషి మారితే ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ రావడం మామూలే. కనీసం రెండు కొలతల్లో 20 శాతం, అదీ 2 మి.మీ.కు తగ్గకుండా పెరిగితేనే, లేదా ఘనపరిమాణం సగానికి సగం పెరిగితేనే పెరిగినట్టు లెక్క. 17 మి.మీ. నుంచి 18 అయిందని మళ్లీ సూది వేయించుకోనక్కర్లేదు. వీలైతే ప్రతిసారీ అదే సెంటర్‌లో తీయించి, పాత రిపోర్టు రేడియాలజిస్టు చేతికిచ్చి, పోల్చి రాయమని అడగండి. ఐదేళ్ల పాటు సైజులో మార్పు లేకపోతే ఆ గడ్డకు ఇక స్కాన్లు ఆపేయవచ్చని అమెరికన్ రేడియాలజీ కాలేజ్ పద్ధతి చెబుతోంది. ఆ ఐదేళ్లు నిండినప్పుడు డాక్టర్‌ను ఆ మాట మీరే అడగండి.